నిరాడంబర పరిచర్య: నంద్యాల ప్రాంత క్రైస్తవ సంఘ చరిత్ర – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

క్రైస్తవ సంఘ జీవితంలో నిరాడంబరతను సాధారణంగా వ్యక్తిగత సద్గుణంగా చూస్తారు. ఒక బోధకుడు సాదా బట్టలు కట్టుకున్నాడా, నడిచి వెళ్లాడా, తక్కువతో బతికాడా అన్న ప్రశ్నల దగ్గరే ఆ చర్చ ఆగిపోతుంది. పాణ్యం, నంద్యాల, ఆళ్ళగడ్డ ప్రాంతపు ఆంగ్లికన్ సంఘాల చరిత్రనూ, వాటికి కొంతకాలం కేంద్రమైన దోర్నకల్ అధ్యక్షమండల చరిత్రనూ ఆధారం చేసుకొని నిరాడంబరతను సంఘ నిర్మాణానికి సంబంధించిన విలువగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. సంఘం తన పరిచర్య భారాన్ని తానే మోయగల కొలతలో నిలుపుకోవడమే నిరాడంబరత అన్నది ఇక్కడి ప్రతిపాదన.

కీలకపదాలు: నిరాడంబరత, ఉపదేశి, పిడికెడు గింజలు, నంద్యాల, దోర్నకల్, అజరయ్య, దక్షిణ ఇండియా సంఘం.

1. ఉపోద్ఘాతం

‘ఆడంబరం’ అనే సంస్కృత పదానికి మొదట ఒక రకమైన భేరి అనీ, ఆ భేరీధ్వని అనీ అర్థాలున్నాయి. డప్పు కొట్టి చాటుకొనేది ఆడంబరం. అది లేకపోవడం నిరాడంబరత. ఈ వ్యుత్పత్తి ప్రకారం ఆడంబరానికి మూలం వస్తువు విలువలో గాక దానిని చాటుకోవడంలో ఉంది. ఖరీదైనదంతా ఆడంబరం కాదు, చవకైనదంతా నిరాడంబరమూ కాదు.

క్రైస్తవ గ్రంథ సంప్రదాయంలో ఈ భావానికి మరొక కోణం ఉంది. కొత్త నిబంధన గ్రీకు మూలంలో ‘హప్లోటేస్’ అనే మాట సరళత, నిష్కాపట్యం అనే అర్థాల్లో కనిపిస్తుంది. కొరింథీయులకు రాసిన రెండవ పత్రిక పదకొండవ అధ్యాయంలో క్రీస్తు పట్ల సరళత గురించి పౌలు వాడిన మాట అదే. అదే పత్రిక ఎనిమిదవ అధ్యాయంలో మాసిదోనియ సంఘాలు కటిక పేదరికంలో ఉండి కూడా విరివిగా ఇచ్చాయని చెప్పేటప్పుడూ ఆయన ఆ మాటనే వాడాడు. అక్కడ అనువాదకులు దానిని దాతృత్వంగా గ్రహించారు. అనువాదంలో రెండు పదాలుగా విడిపోయిన భావం మూలంలో ఒక్కటే. దాపరికం లేని మనసు తనకున్నదానిలోనుంచి ఇస్తుంది.

ఈ రెండు అర్థాల కలయికే ఈ వ్యాసానికి కొలబద్ద. ఒక సంఘం ఎంత తక్కువ ఖర్చు పెట్టింది అనేదాని కంటే, ఆ ఖర్చు ఎవరు పెట్టారు, ఎవరి చేతులు ఇచ్చే చేతులుగా మారాయి అనే ప్రశ్న ముఖ్యం. దీనికి జవాబు వెతకడానికి రాయలసీమలోని నంద్యాల ప్రాంతం అనువైన క్షేత్రం. విదేశీ మిషనరీ సంస్థ పోషణ, కరువు, గ్రామ ఉపదేశి వ్యవస్థ, స్వదేశీ నాయకత్వం, 1947 నాటి ఐక్యతా వివాదం అన్నీ ఒకే నేల మీద ఒకదాని వెంట ఒకటి జరిగాయి.

2. క్షేత్ర పరిచయం

పాణ్యం కర్నూలు–నంద్యాల దారిలో, గుంతకల్లు–నంద్యాల రైలుమార్గం మీద ఉన్న ఊరు. అక్కడి నుంచి నంద్యాల మీదుగా ఆళ్ళగడ్డ వరకు విస్తరించిన నల్లరేగడి నేలల్లో కాలువ నీరు అందిన చోట వరి, మిగిలిన చోట జొన్న, కొర్ర వంటి మెట్టపంటలు ప్రధానంగా పండేవి. ఒకప్పటి కర్నూలు జిల్లాలో భాగమైన ఈ ప్రాంతం 2022 ఏప్రిల్ 4 నుంచి నంద్యాల జిల్లాగా ఏర్పడింది.

ఇక్కడ ప్రొటెస్టెంటు సంఘాల్లో ఎక్కువ భాగం ‘ఎస్.పి.జి.’ అనే ఆంగ్లికన్ సంస్థ పనివల్ల ఏర్పడ్డాయి. 1701లో ఇంగ్లండులో స్థాపితమైన ఈ సంస్థ పేరు నంద్యాలలో ఇప్పటికీ ఒక ఉన్నత పాఠశాల పేరులో వినిపిస్తుంది. పంతొమ్మిదవ శతాబ్ది మధ్యకాలంలో కడప నుంచి ఉత్తరానికి సాగిన దీని తెలుగు పరిచర్యకు ఆళ్ళగడ్డ సమీపంలోని ముత్యాలపాడు, కడప వైపు కలసపాడు, తర్వాత నంద్యాల ప్రధాన కేంద్రాలయ్యాయి. సంఘాల్లో చేరినవారిలో అత్యధికులు ఊరికి వెలుపలి పల్లెల్లో నివసించిన దళితులు. సొంత భూమి లేక, కూలిపైనా మెట్టపంటపైనా ఆధారపడినవారు. వారి విషయంలో నిరాడంబరత గురించి మాట్లాడేటప్పుడు ఒక జాగ్రత్త తప్పనిసరి. లేమి వేరు, నిరాడంబరత వేరు. మొదటిది ఒకరిపై పడేది, రెండవది ఒకరు ఎంచుకొనేది. ఈ భేదాన్ని మరచిన చరిత్ర పేదవాని ఆకలిని సద్గుణంగా పొగిడే ప్రమాదంలో పడుతుంది.

3. తెలుగు నేలపై తొలి నమూనా

నంద్యాల ప్రాంతపు పరిచర్య స్వభావం తెలియాలంటే తెలుగుదేశంలో దానికంటే ముందు మొదలై, దానికి భిన్నమైన దారిలో నడిచిన ఒక ప్రయత్నాన్ని గుర్తుచేసుకోవాలి. ఆంథొనీ నారిస్ గ్రోవ్స్ అనే ఆంగ్లేయ దంతవైద్యుడు 1825లో క్రైస్తవ సమర్పణ గురించి ఒక చిన్న పుస్తకం ప్రచురించి, విశ్వాసి తన ఆస్తిని కూడబెట్టక దేవుని పనికి వినియోగించాలని వాదించాడు. తర్వాత తన వృత్తిని వదలి బాగ్దాదుకూ, అక్కడి నుంచి భారతదేశానికీ వచ్చాడు. ఆయన ప్రేరణతో 1836లో ఇంగ్లండు నుంచి బయలుదేరిన విలియం బౌడెన్, జార్జి బీర్ దంపతులు నరసాపురం చేరి గోదావరి డెల్టాలో పని ప్రారంభించారు. వారు పెద్ద చదువుల నుంచి గాక చేతివృత్తుల నేపథ్యం నుంచి వచ్చినవారు. నిర్ణీత జీతం చెల్లించే మిషనరీ సంస్థ వారి వెనుక లేదు.

ఈ నమూనాలో నిరాడంబరత మొదట పంపబడినవానికి వర్తించింది. బోధకుని జీవనవ్యయం తగ్గితే అతడు పనిచేసే చోట జనానికి దగ్గరవుతాడని దాని వెనుక ఉన్న భావన. దీనికి ఒక పరిమితి కూడా ఉంది. బోధకుడు నిరాడంబరంగా బతికినంత మాత్రాన సంఘం తన కాళ్లపై నిలబడుతుందని చెప్పలేం. అతడు వెళ్లిపోయాక దీపంలో నూనె ఎవరు పోస్తారన్న ప్రశ్న మిగిలే ఉంటుంది. ఎస్.పి.జి. వంటి వ్యవస్థీకృత సంస్థల పరిచర్యలో ఈ ప్రశ్న మరింత తీవ్రంగా ఎదురైంది.

4. కరువు – కానుక – అనుమానం

1876–78 నాటి మహాకరువు కర్నూలు జిల్లాను తీవ్రంగా దెబ్బతీసింది. 1871 జనగణనలో తొమ్మిది లక్షలు దాటి ఉన్న జిల్లా జనాభా 1881 నాటికి ఏడు లక్షలకు దిగువకు పడిపోయింది. అంటే దాదాపు నాలుగింట ఒక వంతు జనం చావువల్లనో వలసవల్లనో కనబడకుండా పోయారు. కరువు కాలంలోనూ, ఆ తర్వాతి ఏళ్లలోనూ తెలుగు ప్రాంతాల్లో సామూహికంగా క్రైస్తవ మతంలో చేరినవారి సంఖ్య పెరిగింది. ‘బియ్యం కోసం చేరిన క్రైస్తవులు’ అనే నింద కూడా అప్పటినుంచే బలపడింది.

ఈ నిందకు ఆ కాలంలోనే ఎదురైన ఒక ఆచరణాత్మక సమాధానం పొరుగున ఉన్న ఒంగోలులో కనిపిస్తుంది. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ కరువు పనిగా బకింగ్‌హాం కాలువ తవ్వకంలో ఒక భాగానికి కాంట్రాక్టు తీసుకొని వేలమందికి కూలి కల్పించాడు. సహాయం సాగుతున్నంత కాలం బాప్తిస్మాలను నిలిపివేశాడు. సహాయం ముగిసిన తర్వాత 1878 జూలై 3న గుండ్లకమ్మ ఏటిలో ఒకే రోజున 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ సంఖ్యే చరిత్ర పుస్తకాల్లో ప్రసిద్ధికెక్కింది. పరిచర్య దృష్టితో చూస్తే అంతకంటే విలువైనది అంతకుముందటి నిరీక్షణ. తినే కూటికీ చేరే విశ్వాసానికీ మధ్య దూరం ఉంచాలని ఒక మిషనరీ గుర్తించాడు. భక్తిని లావాదేవీ నుంచి వేరు చేయడం కూడా నిరాడంబర పరిచర్యలో భాగమే.

సహాయానికీ విశ్వాసానికీ మధ్య గీత ఒకసారి గీస్తే చాలదు. కరువు గడిచాక కూడా బడి, వసతి గృహం, ఆసుపత్రి, ఉపదేశి జీతం వంటివన్నీ మిషను నిధుల మీదనే నడిచాయి. కరువులో మొదలైన ఇచ్చేవారు–పుచ్చుకొనేవారు అనే సంబంధం క్రమంగా సంఘపు సాధారణ నిర్మాణంగా మారింది.

5. పగలు బడి, సాయంత్రం గుడి

గ్రామస్థాయిలో తెలుగు క్రైస్తవ సంఘాన్ని నిలబెట్టినవాడు ఉపదేశి. పల్లెలో ఒక కొట్టం అతని పని స్థలం. పగలు పిల్లలకు అక్షరాలు దిద్దించే ఆ కొట్టమే సాయంత్రం పెద్దలు కూలి నుంచి తిరిగివచ్చాక ప్రార్థనాలయం అయ్యేది. బల్లలు లేవు, నేల మీదనే కూర్చునేవారు. చదవలేని వారికి కీర్తనలే వేదపాఠం. పురుషోత్తమ చౌదరి (1803–1890) వంటి కవులు తెలుగు కీర్తన సంప్రదాయంలో రచించిన క్రైస్తవ కీర్తనలు ఈ కొట్టాల్లో ఆర్గను అవసరం లేకుండానే తాళంతో పాడుకోవడానికి వీలైనవి. తెలుగు సాహిత్య చరిత్రలో ఈ కీర్తనలను భక్తి సాహిత్యపు ఒక పాయగా పరిశీలిస్తాం. సంఘ చరిత్ర దృష్టిలో అవి ఖర్చు లేని ఆరాధనా సాధనాలు కూడా.

ఈ ఉపదేశి వ్యవస్థను నిరాడంబర పరిచర్యకు ఆదర్శంగా చెప్పవచ్చునా? కొంతవరకే. అతని జీవితం నిరాడంబరమే గాని అది అతని ఎంపిక మాత్రమే కాదు. అతనికీ మిషను బంగళాలో ఉన్న దొరకూ మధ్య జీతంలో, నివాసంలో, నిర్ణయాధికారంలో ఎంతో తేడా ఉండేది. సంఘసభ్యులకు దగ్గరగా ఉన్నవాడు ఉపదేశి, అతని జీతం వచ్చేది మాత్రం దూరంగా ఉన్న కేంద్రం నుంచి. అందువల్ల అతడు సంఘానికి జవాబుదారీ కావడానికి ముందు మిషనుకు జవాబుదారీ అయ్యాడు. పైపైన చూస్తే కొట్టం, చాప, దీపం అన్నీ నిరాడంబరాలే. దాని వెనుక మాత్రం గ్రామం ఏనాడూ చూడని ఒక లెక్కల పుస్తకం ఉంది.

దీనిని తీవ్రంగా విమర్శించినవాడు అదే ఎస్.పి.జి. తరఫున ఉత్తర చైనాలో పనిచేసిన రోలండ్ అలెన్ కావడం గమనార్హం. 1912లో ప్రచురించిన గ్రంథంలో ఆయన పౌలు పద్ధతినీ ఆధునిక మిషనుల పద్ధతినీ పోల్చాడు. పౌలు కొద్దికాలంలోనే స్థానిక పెద్దలను నియమించి, సంఘాన్ని వారి చేతుల్లో పెట్టి వెళ్లాడనీ, ఆధునిక మిషనులు తరాల తరబడి డబ్బునూ అధికారాన్నీ తమ చేతుల్లోనే ఉంచుకున్నాయనీ ఆయన వాదం సారాంశం. సంఘం పోషించలేని వ్యవస్థను దానిపై నిలిపితే ఆ సంఘం ఎప్పటికీ మైనరుగానే మిగిలిపోతుంది.

6. అజరయ్య: పిడికెడు గింజలు

అలెన్ గ్రంథం వెలువడిన 1912వ సంవత్సరంలోనే డిసెంబరు 29న కలకత్తాలోని సెయింట్ పాల్ కెథడ్రల్‌లో వేదనాయగం శామ్యూల్ అజరయ్య (1874–1945) దోర్నకల్ బిషప్పుగా అభిషిక్తులయ్యారు. భారతదేశంలో ఆంగ్లికన్ సంఘానికి తొలి భారతీయ బిషప్పు ఆయనే. తిరునెల్వేలి జిల్లా వెళ్ళాళన్‌విళై గ్రామంలో పుట్టిన ఆయన 1903లో తిరునెల్వేలిలో ఏర్పడిన ఇండియన్ మిషనరీ సొసైటీ వ్యవస్థాపకుల్లో ఒకరు. భారతీయుల డబ్బుతో, భారతీయ సేవకులతో నడవాలన్నది ఆ సంస్థ సంకల్పం. దాని తరఫున 1909లో నిజాం రాజ్యంలోని దోర్నకల్‌కు వచ్చి, ముప్పై అయిదేళ్ల వయసులో తెలుగు నేర్చుకొని పల్లెల్లో తిరిగారు.

1910లో ఎడింబరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో అజరయ్య చేసిన ప్రసంగం ప్రసిద్ధం. పాశ్చాత్య మిషనరీలు ధనాన్నీ త్యాగాన్నీ ఇచ్చారు, స్నేహాన్ని కూడా ఇవ్వాలి అని ఆయన కోరారు. దానిని సాధారణంగా జాతి సమానత్వం కోసం చేసిన విజ్ఞప్తిగా చదువుతారు. నిరాడంబరత దృష్టితో కూడా దానిని చదవవచ్చు. ఒకే పీట మీద కూర్చోలేనంత అంతరం ఇద్దరి జీవితాల మధ్య ఉన్నప్పుడు దానం సాధ్యమవుతుంది గాని స్నేహం సాధ్యం కాదు.

1920లలో దోర్నకల్ అధ్యక్షమండలం విస్తరించి నంద్యాల ప్రాంతపు ఎస్.పి.జి. సంఘాలు కూడా దాని పరిధిలోకి వచ్చాయి. 1930ల చివరికి అధ్యక్షమండలంలోని క్రైస్తవుల సంఖ్య రెండు లక్షలు దాటింది. వారిలో అత్యధికులు నిరుపేదలు. అటువంటి వారిని ఇవ్వమని అడగడం సబబేనా? అజరయ్య సమాధానం స్పష్టం. పేదవారిని ఎప్పుడూ పుచ్చుకొనేవారిగానే చూడడం వారిని గౌరవించడం కాదు. క్రైస్తవ దానం గురించి ఆయన ప్రత్యేకంగా ఒక పుస్తకం రాశారు. బాప్తిస్మం పొందిన ప్రతివాడూ తన తలపై తానే చేయి ఉంచుకొని, సువార్త చెప్పకపోతే తనకు శ్రమ అని ఒప్పుకొనే పద్ధతిని ప్రోత్సహించారు. పరిచర్య అంటే జీతగాని పని అన్న అభిప్రాయాన్ని మార్చడం ఈ రెండింటి లక్ష్యం.

ఈ దృక్పథానికి గ్రామంలో దొరికిన రూపాలు రెండు. మొదటిది వంటకు గింజలు తీసేటప్పుడు ఒక పిడికెడు విడిగా కుండలో వేసి వారానికొకసారి గుడికి తెచ్చే అలవాటు. ‘పిడికెడు బియ్యం’ అని దీనికి వాడుక. జొన్న, కొర్ర తినే కర్నూలు సీమలో ఆ పిడికిలి ఇంట్లో ఉన్న గింజతోనే నిండాలి. ఈ ఆచారంలో గమనించవలసిన విశేషం ఏమిటంటే, ఇక్కడ దాత ఇంటి యజమాని కాదు, పొయ్యి దగ్గర ఉన్న స్త్రీ. నగదు చేతిలో లేని మనిషికి గింజ మీద అధికారం ఉంది. నాణెం మాత్రమే కానుక అయితే ఆమె సంఘంలో దాతగా లెక్కకు వచ్చేది కాదు. దోర్నకల్‌లో స్త్రీల మధ్య పనిచేసిన అజరయ్య భార్య అన్బు మరియమ్మాళ్ కృషిని కూడా ఈ నేపథ్యంలో చూడాలి.

రెండవది కోతకాలపు పండుగ. ధాన్యం, గుమ్మడికాయలు, కోళ్లు, గుడ్లు గుడి ముందు పోగుపడి, వేలం పాటలో డబ్బుగా మారేవి. పాట, భజన, కోలాటం ఆ పండుగలో భాగం. అందులో సందడి ఉంది, అలంకరణ ఉంది. అయినా దానిని ఆడంబరం అనలేం. ఎందుకంటే అక్కడ కనిపించే ప్రతి వస్తువూ అక్కడి వారి పొలం నుంచో పెరటి నుంచో వచ్చినదే. అప్పు తెచ్చి చాటుకొన్నది ఏదీ లేదు.

7. 1947: నంద్యాల నిలిచిన చోటు

అజరయ్య జీవితకాల ఆశయం దక్షిణ భారత ప్రొటెస్టెంటు సంఘాల ఐక్యత. 1919లో తరంగంబాడిలో జరిగిన సమావేశం నుంచి దాని కోసం ఆయన కృషి చేశారు. 1945 జనవరి 1న ఆయన కన్నుమూశారు. 1947 సెప్టెంబరు 27న మద్రాసులోని సెయింట్ జార్జి కెథడ్రల్‌లో దక్షిణ ఇండియా సంఘం ఆవిర్భవించింది. ఆంగ్లికన్లు, మెథడిస్టులు, అంతకుముందే ఐక్యమైన ప్రెస్బిటేరియన్, కాంగ్రిగేషనల్ సంఘాలవారు అందులో చేరారు. ఆయన సొంత అధ్యక్షమండలంలోని నంద్యాల ప్రాంతంలో మాత్రం సుమారు ముప్పై వేలమంది ఆంగ్లికన్లు ఆ ఐక్యతలో చేరకుండా విడిగా నిలిచారు.

అభ్యంతరానికి సిద్ధాంతపరమైన కారణాలున్నాయి. బిషప్పుల చేతి అభిషేకం లేని గురువులు ప్రభురాత్రి భోజన సంస్కారం జరపవచ్చునా, ఆంగ్లికన్ క్రమం కలిపివేతలో చెదిరిపోదా అన్నవి నిజాయితీగల సందేహాలు. వాటిని తేలికచేయడం చరిత్రకు అన్యాయం. అయితే డబ్బు కూడా ఆ వివాదానికి వెలుపల లేదు. కొత్త సంఘంలో చేరిన ప్రాంతాలకు ఎస్.పి.జి. సాధారణ నిధి నుంచి గ్రాంట్లు కొనసాగవచ్చునా అన్నది ఇంగ్లండులో తీవ్ర చర్చకు దారితీసింది. ఆ చర్చ ఫలితం మీద నంద్యాల గ్రామంలోని ఉపదేశి జీతం, బడి నడక ఆధారపడి ఉన్నాయి. ఇటువంటి స్థితిలో ఒక గ్రామ సంఘం తన మనస్సాక్షి ప్రకారమే నిర్ణయించుకొందో, తన పోషకుల వైపు చూసి నిర్ణయించుకొందో బయటివారికి తెలియదు. బహుశా ఆ సంఘానికి కూడా పూర్తిగా తెలియదు. పోషణ మీద నిలిచిన సంఘం పోగొట్టుకొనే మొదటి వస్తువు ఈ స్పష్టతే.

మరొక విషయం. ఒక గురువు అనేక గ్రామాలకు బాధ్యుడు కావడంవల్ల పల్లెల్లో ప్రభుభోజన సంస్కారం అరుదుగానే జరిగేది. ఎవరు జరపాలన్న వివాదంలో సంఘాలు చీలిపోతుండగా, అది తరచుగా జరగకపోవడం మాత్రం ఎవరికీ వివాదం కాలేదు. స్థానిక పెద్దలనే జీతం లేని గురువులుగా అభిషేకించాలన్న అలెన్ సూచన ఈ సమస్యకు సంబంధించినదే. అది ఆచరణలోకి వచ్చి ఉంటే ఐక్యతా వివాదం ఉండేది కాదని చెప్పలేం గాని, వివాదంలో గ్రామాలకు సొంత గొంతు ఉండేది.

విడిగా నిలిచిన నంద్యాల సంఘాలు కలకత్తా మెట్రోపాలిటన్ పర్యవేక్షణలో కొనసాగాయి. 1963లో నంద్యాల ప్రత్యేక అధ్యక్షమండలం అయింది. 1970 నవంబరు 29న ఉత్తర ఇండియా సంఘం ఏర్పడడంతో నంద్యాలకు అండగా ఉన్న పాత ఆంగ్లికన్ ప్రావిన్సు భారతదేశంలో లేకుండా పోయింది. చివరకు 1975లో నంద్యాల కూడా దక్షిణ ఇండియా సంఘంలో చేరింది. ఇరవై ఎనిమిదేళ్ల ఈ ఎడబాటు సిద్ధాంత చరిత్రకు ఎంత సంబంధించినదో, పోషణ చరిత్రకూ అంత సంబంధించినది.

8. చాపల మీద సంఘం

నంద్యాలలో ఐక్యతా వివాదం సాగుతున్న దశాబ్దాల్లోనే తెలుగుదేశంలో మరో రకమైన సంఘ జీవితం వ్యాపించింది. పంజాబులో సిక్కు కుటుంబంలో పుట్టి, ఇంగ్లండు, కెనడాలలో చదువుకొని, అక్కడ క్రైస్తవుడైన భక్తసింగ్ (1903–2000) 1941లో మద్రాసులో ఒక స్వతంత్ర సంఘాన్ని స్థాపించారు. 1950 నుంచి హైదరాబాదులోని హెబ్రోను ఈ ఉద్యమానికి కేంద్రమైంది. సేవకులకు నిర్ణీత జీతం లేదు. విదేశీ సంస్థ గ్రాంటు లేదు. ఆరాధకులు నేల మీద చాపలపై కూర్చుంటారు. ఆరాధన తర్వాత ప్రేమవిందులో కులం, హోదా తేడా లేకుండా ఒకే పంక్తిలో భోజనం చేస్తారు. వేలమంది హాజరయ్యే వార్షిక పరిశుద్ధ సమావేశాలు కూడా స్వచ్ఛంద కానుకలతోనే జరిగేవి.

ఈ ఉద్యమాన్ని మిషను సంఘాలపై తీర్పుగా చూపడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. మిషనులు నడిపిన బడులు, ఆసుపత్రులు, శిక్షణాలయాలు చాపల మీద నడిచేవి కావు. వాటి ఫలితం పల్లెలోని మూడు తరాలకు తెలుసు. అయినా గోదావరి డెల్టాలో 1836లో కనిపించిన నమూనాకూ దీనికీ ఒక ముఖ్యమైన తేడా ఉంది. అక్కడ నిరాడంబరత వచ్చినవారిది. ఇక్కడ అది చేరినవారిది. చాప మీద కూర్చోవడం నిత్యం చాప మీదనే కూర్చునే పేదకు కొత్త కాదు. కొత్త అయినది అదే చాప మీద తన పక్కన అధికారి కూర్చోవడం. నిరాడంబరత సామాజిక శక్తిగా మారింది ఈ బిందువు దగ్గరే.

9. ఒక అభ్యంతరం

ఈ ప్రతిపాదనపై దళిత అధ్యయనాల వైపు నుంచి ఒక బలమైన అభ్యంతరం రావచ్చు. తరతరాలుగా గుడి గడప తొక్కనివ్వని జనానికి రాతి గోడలు, ఎత్తైన గోపురం, గంట ఉన్న సొంత ఆలయం ఆడంబరమా, ఆత్మగౌరవమా? పెద్ద భవనాల వద్దకు రానివ్వనివారు ఇప్పుడు చిన్న భవనం చాలునని చెప్పడం న్యాయమా?

ఈ ప్రశ్నకు దోర్నకల్‌లోనే సమాధానం ఉంది. సాదాగా జీవించిన అజరయ్యే అక్కడ ఒక గొప్ప కెథడ్రల్ నిర్మింపజేశారు. హిందూ దేవాలయ వాస్తు, ముస్లిం వాస్తు లక్షణాలను క్రైస్తవ ఆరాధనాలయంలో మేళవించిన ఆ కట్టడం పూర్తికావడానికి ఏళ్లు పట్టింది. 1939 జనవరి 6న అది ప్రతిష్ఠితమైంది. గోతిక్ నకలుగా గాక ఈ నేల కళారూపాలతో, తొందర లేకుండా లేచిన ఆలయం అది. నిరాడంబరుడైన బిషప్పు ఘనమైన ఆలయం కట్టడంలో వైరుధ్యం ఉందనుకొనేవారు నిరాడంబరతను కొలతగా భావిస్తున్నారు. ఆ ఆలయం పేదవారికి ‘ఇది మాది’ అనే హక్కు ఇచ్చింది. ఆత్మగౌరవాన్ని తగ్గించే నిరాడంబరత లేమికి మరో పేరు మాత్రమే.

కాబట్టి ఆలయం చిన్నదా పెద్దదా అనేది అసలు ప్రశ్న కాదు. దాని నిర్వహణ భారం ఎవరి మీద ఉంది? దాని తాళంచెవి ఎవరి దగ్గర ఉంది? దాని జమాఖర్చులు ఎవరి ముందు చదువుతారు? ఈ మూడు ప్రశ్నలకు గ్రామ సంఘమే జవాబైతే ఆ ఆలయం ఎంత ఘనమైనదైనా నిరాడంబరమే. మరెవరో జవాబైతే అది తాటాకు కొట్టమైనా ఆడంబరమే. అక్కడ డప్పు వేరొకరిది.

10. ముగింపు

నంద్యాల ప్రాంత సంఘ చరిత్రలో నిరాడంబరత మూడు రూపాల్లో కనిపించింది. ఒకటి, కరువూ కులమూ మోపిన లేమి. దీనిని నిరాడంబరత అని పొగడడం తగదు. రెండు, బోధకుని వ్యక్తిగత సాదాతనం. ఇది గౌరవించదగినదే గాని, అతని జీతం వెనుక ఉన్న నిర్మాణాన్ని అది మార్చలేదు. మూడు, పిడికెడు గింజలలో, కోతకాలపు కానుకలో, ఒకే పంక్తి భోజనంలో కనిపించిన సంఘపు ఉమ్మడి నిరాడంబరత. పుచ్చుకొనేవారిని ఇచ్చేవారిగా మార్చగలిగినది ఈ మూడవదే. 1947 నాటి ఎడబాటు, ఈ మూడవ రూపం బలపడకముందే పెద్ద నిర్ణయాలు సంఘాల ముందుకు వచ్చినప్పుడు ఏమవుతుందో చూపుతుంది.

నేడు పాణ్యం, నంద్యాల, ఆళ్ళగడ్డ గ్రామాల్లో విదేశీ గ్రాంటు అనే పాత ప్రశ్న చాలావరకు రూపు మారింది. పెద్ద వేదికలు, ధ్వని పరికరాలు, ఫ్లెక్సీలపై బోధకుల చిత్రాలు, టీవీ ప్రసారాల ఖర్చులు కొత్త రూపాల్లో ముందుకు వస్తున్నాయి. దాత విదేశీయుడు కాకపోయినా లెక్కల పుస్తకం గ్రామ సంఘం ఎదుట తెరుచుకోకపోతే స్థితి మారినట్లు కాదు. గ్రామ సంఘాల కానుకల పుస్తకాలు, కోతకాలపు పండుగల వేలం లెక్కలు, స్త్రీల సమాజాల చిట్టాలు చాలాచోట్ల చెదపట్టిపోయే దశలో ఉన్నాయి. బిషప్పుల, మిషనరీల ఉత్తరప్రత్యుత్తరాలు గ్రంథాలయాలకు చేరినంతగా ఇవి చేరలేదు. పొయ్యి దగ్గర పిడికెడు గింజలు విడిగా తీసిన స్త్రీ పేరు దొరికే అవకాశం ఉన్నది ఆ చిట్టాలలోనే. తెలుగు ప్రాంత క్రైస్తవ చరిత్రపై జరగబోయే పరిశోధన వాటి సేకరణతో మొదలుకావడం అవసరం.